నిర్హేతుక కృప

మేము బాలురమై యున్న దినములలో మా గ్రామపు ఉపదేశిగారు ఆదివారపు బడికి వచ్చునపుడు ఒక్కొక్కసారి ఉత్తరీయపు కొంగున ఒక చింతగింజను ముడివైచుకొని వచ్చెడివారు. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములోని ఇద్దరు ఋణస్థుల కథ చెప్పవలసిన దినమని మాకు దానినిబట్టి తెలిసెడిది. కథ చిన్నది. ఒక రాజు తన దాసులయొద్ద లెక్క చూచుకొనెను. వారిలో ఒకడు పదివేల తలాంతులు అచ్చియున్నట్లు తేలెను. వానియొద్ద చెల్లించుటకు ఏమియు లేదు. వాడు సాగిలపడి గడువు వేడుకొనెను. రాజు గడువు ఇచ్చుటతో ఊరకుండలేదు; అప్పునే కొట్టివేసెను. బయటికి వచ్చిన ఆ దాసునికి తోడిదాసుడొకడు ఎదురుపడెను. ఇతడు వానికి నూరు దేనారములు బాకీ. మొదటివాడు రెండవవాని గొంతు పట్టుకొనెను. రెండవవాడును అదే విధముగా సాగిలపడి, అవే మాటలతో గడువు వేడుకొనెను. మొదటివాడు వినక వానిని చెఱసాలలో వేయించెను.

తలాంతుల లెక్క పిల్లలకు తెలియదు గదా. అందుచేత ఉపదేశిగారు కొంగు ముడి విప్పి ఆ గింజను బల్లమీద నుంచి, ఇది తోడిదాసుని బాకీ యనెడివారు. తరువాత కిటికీలోనుండి ఊరి వెలుపలి చింతతోపును చూపి, ఆ చెట్ల గింజలన్నియు రాజుగారి బాకీ యనెడివారు. పెద్దవారమైన పిదప మేము లెక్క వేసి చూచితిమి. ఆ కాలమున దేనారము కూలివాని ఒక దినపు కూలి. తలాంతు ఇంచుమించు ఆరువేల దేనారములు. కావున మొదటివాని బాకీ ఆరు కోట్ల దినముల కూలి. రెండవవానిది నూరు దినముల కూలి. ఒకదానికి మరియొకటి 6 లక్షల రెట్లు. ఉపదేశిగారి చింతతోపు ఏమాత్రము అతిశయోక్తి కాదు. అయితే నూరు దినముల కూలి స్వల్పమని మాత్రము అనుకొనరాదు. కూలిచేసి బ్రదుకువానికి అది మూడు నెలల తిండి.

ఆ కథలో మొదటి దాసుడు అడిగినది గడువు. లభించినది విడుదల. తాను అడుగనిది, అడుగుటకైనను తోచనిది వానికి దొరకెను. క్రైస్తవులు కృప యని చెప్పునది ఇదియే. తెలుగు బైబిలులో ‘కృప’ యని అనువదింపబడిన గ్రీకు పదము ‘ఖారిస్’. సంతోషమను అర్థముగల ‘ఖారా’ అను పదమునకు అది దగ్గరి చుట్టము. శిక్షకు పాత్రుడైనవానికి శిక్ష తప్పించుట కనికరమనియు, వరమునకు పాత్రుడు కానివానికి వరమిచ్చుట కృపయనియు బోధకులు భేదము చెప్పుదురు. భేదము చెప్పుట సుకరమే గాని, పొందినవాని అనుభవమున ఆ రెండును ఒకే చేతినుండి వచ్చును.

మన దేశమునకు ఈ భావము క్రొత్తది కాదు. శ్రీవైష్ణవులు ‘నిర్హేతుక కృప’ యను మాటను ఎంతో కాలమునుండి వాడుచున్నారు. తల్లి కడుపును తానై కరచుకొను కోతిపిల్లవలె జీవుడు భగవంతుని పట్టుకొనవలెనా, లేక తల్లి నోట కరచి తీసికొనిపోవు పిల్లికూనవలె ఊరకుండవలెనా యను వాదము వడకలై తెంకలై శాఖల వారి నడుమ శతాబ్దముల తరబడి జరిగినది. జర్మను పండితుడు రుడాల్ఫ్ ఆటో ఈ పోలికను గమనించి 1930లో భారతదేశపు కృపామతమును, క్రైస్తవమతమును తులనాత్మకముగా పరిశీలించుచు ఒక గ్రంథమును వెలువరించెను. రెండును ఒకటేయని ఆయన చెప్పలేదు, మేమును చెప్పబోము. అయినను ఈ ప్రసంగమునకు పేరు పెట్టుకొనవలసి వచ్చినపుడు మాకు అంతకంటె మంచి తెలుగు మాట దొరకలేదు. క్రైస్తవ సంఘములోను అయిదవ శతాబ్దిలో అగస్టీనునకు, పెలాగియసునకు ఇట్టి వాదమే నడచెను. పదునారవ శతాబ్దిలో లూథరు దానిని మరల లేవనెత్తెను. ఆ వాదముల జోలికి మేమిప్పుడు పోవుట లేదు. మమ్ము చిన్నతనమునుండి బాధించిన ప్రశ్న వేరు. అంత అప్పు కొట్టివేయబడినవాడు, ఆ మాట చెవులలో ఇంకను మ్రోగుచుండగనే, మరియొకని గొంతు ఎట్లు పట్టుకొనగలిగెను?

వాడు దుర్మార్గుడు గనుక పట్టుకొనెనని బాల్యమున మేము సమాధానము చెప్పుకొంటిమి. జాన్ న్యూటను చరిత్ర చదివిన తరువాత ఆ సమాధానము మాకు చాలలేదు.

న్యూటను 1725లో లండనునగరమున జన్మించెను. తండ్రి ఓడ కప్తాను. భక్తురాలైన తల్లి, కుమారునికి ఏడేండ్లు నిండకమునుపే క్షయవ్యాధితో మరణించెను. పదునొకండవ యేట బాలుడు తండ్రితో కూడ ఓడ ఎక్కెను. యౌవనమున అతనిని ఇంగ్లీషు నౌకాదళమువారు బలవంతముగా పట్టుకొనిపోయి ‘హారిచ్’ అను యుద్ధనౌకపై చేర్చిరి. ఆ ఓడ తూర్పు సముద్రములకు, అనగా మన దేశము వైపునకు, బయలుదేరవలసి యుండెను. అన్ని సంవత్సరములు దూరదేశమున నుండలేక న్యూటను పారిపోవ యత్నించి పట్టుపడెను. అందరి యెదుట కొరడాదెబ్బలు తినెను, ఉద్యోగము తగ్గింపబడెను. పిమ్మట 1745లో మదీరా దీవియొద్ద అతనిని పడమటి ఆఫ్రికాకు పోవు బానిసల ఓడకు మార్చిరి. ఆ విధముగా అతడు మన తీరమునకు రాక సియెర్రాలియోను తీరమునకు చేరెను.

అక్కడ ప్లాంటెను దీవులలో ఒక తెల్ల బానిసల వర్తకునియొద్ద పనికి కుదిరెను. ఆ వర్తకుడును, వానితో కాపురము చేయుచుండిన ఆఫ్రికా స్త్రీయును అతనిని ఎంతో హీనముగా చూచిరి. జ్వరముతో పడియుండగా త్రాగుటకు నీరైనను సరిగా దొరకలేదనియు, సంకెళ్ళలోనున్న బానిసలే తమ కొద్దిపాటి తిండిలో కొంత రహస్యముగా తెచ్చి తనకు పెట్టిరనియు అతడే తరువాత వ్రాసికొనెను. ఈ మాట మనము మరువరాదు. ఆకలిగొన్న ఆ తెల్లవానికి మొట్టమొదట కృప చూపినవారు సంకెళ్ళలో నున్నవారు.

ఆ దీవిలో జరిగిన మరియొక సంగతిని చెప్పవలెను. ఒక దినమున అతడు యజమాని తోటలో నిమ్మమొక్కలు నాటుచుండెను. యజమానియు ఆ స్త్రీయు ఆ ప్రక్కగా పోవుచు నిలిచి, ఈ చెట్లు కాపునకు వచ్చునాటికి నీవు ఇంగ్లాండునకు పోయి, ఓడ కప్తానువై తిరిగివచ్చి, ఈ కాయలు కోసికొందువేమో యని పరిహాసమాడిరి. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట అక్షరాల ఆ విధముగనే జరిగెను. అతడు కప్తానై తిరిగివచ్చి ఆ చెట్ల తొలికాపు కాయలను తన చేతులతో కోసెను. ఇది దైవసంకల్పమని తన ఆత్మకథలో మురిసిపోయి వ్రాసెను. అయితే కప్తానుగా అతడు ఆ తీరమునకు వచ్చినది ఎందులకు? మనుష్యులను కొనుటకు. దీనిని గూర్చి తరువాత చెప్పుదుము.

తండ్రి స్నేహితుని ఓడ ‘గ్రేహౌండు’ అతనిని వెదకి ఎక్కించుకొనెను. అది బానిసల ఓడ కాదు. బంగారము, ఏనుగుదంతము, తేనెమైనము, రంగుకఱ్ఱ దాని సరుకులు. అప్పటికి న్యూటను దైవదూషకుడు. ఓడవాండ్రే చెవులు మూసికొనునంతటి బూతులు అతని నోట వెలువడెడివి. 1748 మార్చి 21వ తేదీ రాత్రి ఉత్తర అట్లాంటికు సముద్రమున తుఫాను ఓడ ప్రక్కను చీల్చివేసెను. నిద్రనుండి లేచి పైకి పోవుచుండగా కప్తాను అతనిని ఒక కత్తి తెమ్మనెను. అతడు కత్తికై వెనుకకు తిరిగినపుడు అతనికి బదులుగా పైకెక్కిన మనుష్యుని అల కొట్టుకొనిపోయెను. తెల్లవారువఱకును, ఆ తరువాతను నీరు తోడుచు, నడుమ చుక్కాని పట్టుచు, ఒక సందర్భమున దేవుడు మనయందు కనికరించును గాక యను భావము గల మాట అతని నోటినుండి అప్రయత్నముగా వెలువడెను. వెంటనే, నావంటివానికి కనికరము ఎక్కడిదను శంక కలిగెను. మైనమును, కఱ్ఱయు నీటికంటె తేలిక గావున ఓడ మునుగక నిలిచినది. నాలుగు వారములకు వారు ఐర్లాండు తీరము చేరిరి. అటుమీదట అతడు జీవించినంతకాలము మార్చి 21వ తేదీని ప్రార్థనలో గడిపెను.

సామాన్యముగా ఈ కథ చెప్పువారు ఇక్కడ ఆగుదురు. లేదా ఒక్కదాటున 1773 సంవత్సరమునకు పోయి, అతడు రచించిన లోకప్రసిద్ధమైన కీర్తన, ‘అమేజింగ్ గ్రేస్’, తుఫానునుండి పుట్టినదని చెప్పుదురు. చెప్పుటకు అది ఇంపుగా నుండును. చరిత్ర అంత ఇంపైనది కాదు.

తుఫాను తరువాత న్యూటను ఒక బానిసల ఓడపై ఉపకప్తానుగా పోయెను. 1750 మొదలు 1754 వఱకు మూడు ప్రయాణములలో తానే కప్తాను. ఆదివారములందు ఓడవాండ్రను చేర్చి ప్రార్థన జరిపించెడివాడు. భార్యకు ప్రేమపూర్ణములైన లేఖలు వ్రాసెడివాడు. బైబిలును శ్రద్ధగా చదివెడివాడు. ప్రార్థన జరుగు చెక్కల క్రింది చీకటికొట్టములో ఆఫ్రికా స్త్రీపురుషులు, పిల్లలు పడియుండెడివారు. పురుషులను జంటలుగా సంకెళ్ళతో బంధించి, తిరిగి పరుండుటకైనను చోటులేకుండ అరలవంటి పలకలపై వరుసగా చేర్చెడివారు. ఆ ప్రయాణములలో న్యూటను వ్రాసికొనిన దినచర్య 1962లో ముద్రితమైనది. తిరుగుబాటు పన్నుచున్నారను అనుమానముపై బాలురచేత నిజము చెప్పించుటకు వారి బొటనవ్రేళ్ళకు ఇనుప బిగింపులు పెట్టించినట్లు అతడు తన చేతితోనే అందు వ్రాసెను. కోపముగాని, పశ్చాత్తాపముగాని ఆ వ్రాతలో కానరాదు. సరుకు లెక్క వ్రాసినట్లు వ్రాసినాడు. చివరి ప్రయాణమున తన ఓడలో ఒక్కరును చనిపోలేదని దేవునికి కృతజ్ఞత తెల్పెను. ఆ కృతజ్ఞత కపటమైనదని మేమనము. అది నిజమైనది యగుటయే మనకు భయము గొల్పు విషయము.

న్యాయముగా చెప్పవలెనన్న, నిత్యము గొలుసులతో, గడియలతో, సంకెళ్ళతో కూడిన ఆ వృత్తి తనకు ఒక్కొక్కప్పుడు ఏవగింపు కలిగించుచుండెననియు, తాను ఒక చెఱసాల అధికారివలె నుంటిననియు, మరింత మృదువైన వృత్తికై ప్రార్థించితిననియు అతడు వ్రాసెను. అయినను ఆ వర్తకమును మానినది మనస్సాక్షి చేత గాదు. 1754లో మరల ప్రయాణమునకు సిద్ధమగుచుండగా మూర్ఛవంటిది వచ్చి పడిపోయెను. వైద్యులు వలదనిరి. అతడు మానెను. అటుపై లివర్‌పూలు రేవులో సుంకపు తనిఖీ అధికారిగా పనిచేసి, 1764లో ఇంగ్లాండు సంఘపు గురువై, ఓల్నీ యను చిన్న పట్టణమున కుదురుకొనెను.

ఓల్నీలోని ప్రజలలో పెక్కుమంది పేదలు. స్త్రీలు కిటికీలయొద్ద కూర్చుండి దారముతో లేసు అల్లుచు జీవించెడివారు. వారికొఱకు న్యూటను సులభమైన కీర్తనలు వ్రాసెడివాడు. 1773 జనవరి 1వ తేదీ ప్రసంగమునకు తోడుగా వ్రాసినదే ఆ ప్రసిద్ధ కీర్తన. ఆనాటి ప్రసంగవాక్యము దావీదురాజు ప్రార్థన. నన్ను ఇంతవఱకు తెచ్చుటకు నేనెంతటివాడనని దావీదు దేవుని యెదుట విస్మయపడుట దినవృత్తాంతముల మొదటి గ్రంథమున పదునేడవ అధ్యాయమున గలదు. అనగా ఆ పాట తుఫాను రాత్రి పాట కాదు. ఇరువదియైదేండ్లు వెనుకకు తిరిగి చూచుకొనిన మనుష్యుని పాట. ఇప్పుడు లోకమంతయు పాడు రాగము దానికి 1835లో అమెరికాలో గాని జతపడలేదు.

ఆ దినములలో ఓల్నీయందు విలియం కూపరు అను కవి న్యూటనునకు పొరుగువాడుగా నుండెను. ఇద్దరును కలిసి వ్రాసిన కీర్తనల సంపుటము 1779లో అచ్చయినది. న్యూటను కృపను గూర్చి ఆ కీర్తన వ్రాసిన ఆ జనవరి మాసమందే కూపరునకు మతి చలించెను. దేవుడు తన్ను శాశ్వతముగా త్రోసివేసెనను నమ్మకము అతని మనస్సును పట్టుకొనెను. తక్కిన లోకమంతటికిని కృప యున్నది, తనకు మాత్రము లేదు అనుట అతని వ్యాధి. న్యూటను అతనితో వాదించెను, ప్రార్థించెను. వానివలన ఫలము లేకపోగా తన యింటికి తెచ్చుకొని ఏడాదికి మించి పెట్టుకొని కాపాడెను. కూపరు మరల ఎన్నడును దేవాలయమున అడుగుపెట్టలేదు. 1800లో ఆ నిరాశతోడనే మరణించెను. కృపను పొందుట వేరు, పొందితినను అనుభూతి వేరు. ఈ విషయమును వేదాంత గ్రంథములకంటె ఆ యింటి అతిథిగది మాకు బాగుగా బోధించినది. తమకు సంతోషము కలుగుట లేదు గావున దేవుడు తమ్ము విడిచెనని కృంగిపోవు విశ్వాసులు మన సంఘములలోను గలరు. వారికి ఉపదేశముకంటె ముందు ఒక పూట అన్నము, పిలిస్తే పలుకు మనిషి కావలెను.

మన ప్రశ్నకు తిరిగివత్తము. 1748లో కనికరము పొందిన న్యూటను, 1764లో ఆత్మకథ ప్రకటించిన న్యూటను, 1773లో ఆ కీర్తన వ్రాసిన న్యూటను, తాను కొని అమ్మిన మనుష్యులను గూర్చి లోకమునకు చెప్పినది దాదాపు ఏమియు లేదు. ఆ కీర్తనలో చూపు వచ్చుటను గూర్చిన భావము గలదు. అది వ్రాయునాటికి ఆ కన్నులు ఇంకను సగమే తెఱచుకొనియుండెను. 1785లో విల్బర్‌ఫోర్సు అను ఇరువదియారేండ్ల పార్లమెంటు సభ్యుడు, రాజకీయము విడిచి గురువు కావలెనా యను సందేహముతో, ఇతరులకు తెలియకుండ లండనులో న్యూటనును కలిసికొనెను. అప్పటికి న్యూటను లండనునగరమున సెయింట్ మేరీ వూల్నాత్ దేవాలయమునకు గురువు. ఉన్నచోటనే యుండి సేవచేయుమని అతడు యువకునికి సలహా యిచ్చెను. విల్బర్‌ఫోర్సు బానిసల వర్తకమునకు వ్యతిరేకముగా పార్లమెంటులో పోరాటమునకు పూనుకొనెను. 1788లో న్యూటను ఆఫ్రికా బానిసల వర్తకమును గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. తుఫానుకు, ఆ పుస్తకమునకు నడుమ నలుబది సంవత్సరములు!

ఆ పుస్తకమున అతడు తన్ను తాను సమర్థించుకొనలేదు. తన ఒప్పుకోలు ఎంతో ఆలస్యముగా వచ్చినదనియు, తాను ఒకప్పుడు ఆ పనిలో పాలుగొంటినను తలంపు తనకు బ్రదికినంతకాలము సిగ్గు కలిగించుననియు వ్రాసెను. ఓడ క్రింది కొట్టము ఎట్లుండునో, స్త్రీలపై ఓడవాండ్రు ఎట్టి ఆగడములు సాగించెడివారో దాచక చెప్పెను. అధికారుల విచారణసభ యెదుటను సాక్ష్యమిచ్చెను. ఆ వర్తకమును సమర్థించు ధనికులకు అతని మాటను కాదనుట కష్టమైనది. ఏలయన అతడు పుస్తకములు చదివి చెప్పుట లేదు. తన చేతులతో చేసినదానిని చెప్పుచుండెను.

ఈ నలుబది యేండ్లను ఎట్లు అర్థము చేసికొనవలెను? తుఫానులో కలిగినది నిజమైన మారుమనస్సు కాదని కొందరందురు. తొలినాళ్ళలో తాను సంపూర్ణ విశ్వాసిని కానని న్యూటనే తరువాత వ్రాసిన మాట నిజము. అయినను దూషణ మాని ప్రార్థన నేర్చిన ఆ మార్పును మేము కాదనజాలము. మరి కొందరు, దేవుడు క్షమించిన తరువాత పాతలెక్కలు త్రవ్వుట యేలయందురు. ఈ మాట మాకు మరింత అపాయకరముగా తోచుచున్నది. మాకు తోచినది ఇది: రాజు అప్పు కొట్టివేయుట ఒక్క క్షణమున ముగిసినది, అది మరల తిరుగవ్రాయబడదు. కాని బయట ఎదురుపడినవాడు తనకు తోడిదాసుడని మొదటివానికి కనబడలేదు. వాడు కేవలము బాకీదారుడుగా కనబడెను. న్యూటనునకు నలుబది యేండ్లు బానిస సరుకుగా కనబడెను. ఒకనాడు తన జ్వరములో తిండి పంచి పెట్టిన చేతులను కూడ అతడు మరచెను. కృప అతని పాతలెక్కను తుడిచివేయుటతో తృప్తిచెందలేదు. క్షమింపబడినవాడు గావున, ఇక దండనభయము లేదు గావున, ఆ లెక్కపుస్తకమును విప్పి చదువగల ధైర్యము అతనికి మెల్లమెల్లగా కలిగినది. దండనకు భయపడువాడు లెక్క దాచును. ఇది కృపను ఆలస్యమునకు సాకుగా చేయుట కాదు. ఆ నలుబది యేండ్లలో సముద్రము దాటింపబడినవారికి ఆలస్యము ఎంత ప్రియమైనదో వారినడుగవలెను.

వారిలో ఒకరు చెప్పిన సంగతి మనకు దక్కినది. ఓలాడా ఎక్వియానో బాల్యముననే బానిసయై అమ్ముడుపోయి, చేతులు మారి, చిల్లర వ్యాపారము చేసి కూడబెట్టిన సొమ్ముతో 1766లో తన స్వేచ్ఛను తానే కొనుక్కొనెను. 1774లో క్రీస్తునందు కృపను పొందితినని సాక్ష్యమిచ్చి, 1789లో తన జీవితచరిత్రను లండనులో అచ్చువేయించెను. ఇక్కడ మేము కొంతసేపు ఆగి చూచితిమి. కప్తానునకు దేవుని కృప ఉచితముగా లభించినది. బానిసకును ఉచితముగనే లభించినది. కాని మనుష్యుని చేతిలోనుండి మనుష్యునికి రావలసిన స్వేచ్ఛను మాత్రము బానిస రొక్కమిచ్చి కొనవలసి వచ్చెను. 1833లో ఇంగ్లీషువారు తమ సామ్రాజ్యమున బానిసత్వమునే రద్దుచేయు చట్టము చేసినపుడు యజమానులకు రెండు కోట్ల పౌనులు పరిహారమిచ్చిరి. బానిసలకు ఏమియు ఈయలేదు. పిదప మారిషసు మొదలగు దీవుల చెఱకుతోటలలో వారి స్థానమున పనిచేయుటకు ఒప్పందపు కూలీలను మన దేశమునుండి పంపిరి. కోరంగి రేవున ఓడలెక్కిన మన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనియే పిలిచిరి.

ఇది ఇంగ్లాండువారి పాపమని చెప్పి చేతులు కడుగుకొనుటకు మేమీ కథ చెప్పలేదు. మా బంధువర్గములో ఒక పెద్దమనిషి యుండెడివారు. ఆయన కంఠము గంభీరమైనది. కృపను గూర్చిన కీర్తన ఆయన ఎత్తుకొనగా దేవాలయమంతయు ఒక్కసారి నిశ్శబ్దమై, తరువాత గొంతు కలిపెడిది. ఆయన కన్నులు తడియగుట మేము చూచితిమి. ఆయన యింట ఒక పాలేరు. వాని తండ్రి తీసికొనిన అప్పుక్రింద వాడు పదియేండ్లకు మించి పనిచేసెను. అసలు ఎంతో, వడ్డి ఎంతో ఆ యింట ఎవరును వానికి చెప్పలేదు. వాడును అదే దేవాలయమున వెనుకవరుసలో కూర్చుండి అదే కీర్తన పాడెడివాడు. అప్పుక్రింద మనిషిని పనికి కట్టివేయు ఆ పద్ధతిని 1976లో చట్టము రద్దుచేసినది. ఆ పెద్దమనిషి కపటియని మేము నాడు అనుకొనలేదు, నేడును అనుకొనము. ఆయన పద్దుపుస్తకమును దొంతరలోనుండి తీసి చూచుటకు మాలో ఎవరికిని తోచలేదు. ఆయన యింట మేమును పండుగకు అన్నము తింటిమి. ఆ అన్నము వండిన కట్టెలు ఎవరు కొట్టిరో మాకు తెలియును.

బానిసల వర్తకమును నిషేధించు చట్టము 1807 మార్చి 25వ తేదీన రాజామోదము పొందెను. చూపు పోయి, జ్ఞాపకశక్తి తగ్గిన న్యూటను ఆ వార్త వినుటకు బ్రదికియుండెను. అదే యేడు డిసెంబరు 21వ తేదీన ఎనుబదిరెండవ యేట మరణించెను. అతని అస్థికలను 1893లో లండనునుండి ఓల్నీకి మార్చిరి. సమాధిపై చెక్కవలసిన వ్రాతను అతడు ముందుగనే వ్రాసియుంచెను. తాను ఒకప్పుడు నాస్తికుడననియు, భ్రష్టుడననియు, ఆఫ్రికాలో బానిసలకు బానిసననియు, ప్రభువు కనికరమువలన కాపాడబడి, క్షమింపబడి బోధకుడనైతిననియు దాని తాత్పర్యము. తనకు జరిగిన అవమానము అందున్నది, క్షమాపణయు అందున్నది. తాను కప్తానునని, మూడు ఓడ ప్రయాణములు చేసితినని అందు లేదు. ఆ ఒప్పుకోలు 1788 నాటి పుస్తకమునందున్నది, రాతిపైకి ఎక్కలేదు.

ఉపదేశిగారు కథ ముగించిన పిదప చింతగింజను మాలో ఒకరి చేతికి ఇచ్చి పంపెడివారు. ఒక ఆదివారము అది మా చేతికి వచ్చెను. మేము అప్పుడు ఒక ప్రశ్న వేసితిమి. తోటివారు పోయి రాజుతో చెప్పగా రాజు మొదటివానిని పిలిపించి కోపగించెను, శిక్షకు అప్పగించెను. బాగుగనే యున్నది. మరి నూరు దేనారముల బాకీవాడు ఏమయ్యెను? వానిని చెఱసాలనుండి విడిపించిరా? ఉపదేశిగారు కండ్లజోడు పెట్టుకొని అధ్యాయమును మరల చివరివఱకు చదివిరి. తరువాత పుస్తకము మూసి, అది ఇందులో వ్రాయబడలేదు నాయనా, అనిరి.